చెప్పకుండా వెళ్ళిపోయిన వదిన

ప్రస్తుతానికి జబ్బు కనిపించడం లేదని డాక్టరుగారు చెప్పి కొన్ని వారాలైంది. ఆ 'ప్రస్తుతానికి' మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అయినా కలం పట్టుకునే ఓపిక వచ్చింది కాబట్టి రాస్తున్నాను. రాస్తే లోపలి వణుకు తగ్గుతుందేమోనని కొంత ఆశ. మా ఇంట్లో జరిగినట్టే ఇప్పుడు ఇంకెవరింట్లోనో జరుగుతుంటే వాళ్ళకు పనికొస్తుందేమోనని కొంత.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సికింద్రాబాద్‌లో మాదొక చిన్న సంస్థ. ఇక నయం కాదని ఆసుపత్రులు పంపేసినవాళ్ళ ఇళ్ళకు నర్సుతోపాటు నాలాంటి సోషల్ వర్కర్ కూడా వెళ్తుంది. నర్సు పుండు కడుగుతుంది, నేను కూర్చుంటాను. చూసేవాళ్ళకు అదొక ఉద్యోగంలా అనిపించదు. రోగితో మాట్లాడటం, ఆమెను చూసుకునే కోడలు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అడగటం, ఇంట్లో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనలేని మాటను మెల్లగా బయటికి తేవడం, మనిషి పోయాక కూడా కొన్నాళ్ళు ఆ గడప తొక్కడం నా పని. బోయిన్‌పల్లి నుంచి మోండా మార్కెట్ వెనక సందుల దాకా నేను మెట్లెక్కని వీధి లేదు. చావు గురించి నాకు బాగా తెలుసని అనుకునేదాన్ని. ఆ పొగరు ఎలా దిగిందో ఇప్పుడు చెప్తాను.

మా ఆయన యాదగిరికి మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల దుకాణం. కార్ఖానాలో అద్దె ఇల్లు. పిల్లలు లేరు, మేమిద్దరమే.

ఆషాఢం

బోనాలకు మా ఆయన అక్కగారింటికి వెళ్ళాం. సత్తెమ్మ వదిన. తల్లి లేని తమ్ముణ్ణి తనే పెంచింది కాబట్టి నాకు ఆమె ఆడబిడ్డ, అత్తగారు రెండూ. ఆమె దగ్గర్నుంచి బయలుదేరడం ఒక పెద్ద తతంగం. బొట్టు పెట్టించుకోవాలి, కవర్లో ఏదో ఒకటి కట్టించుకోవాలి, గుమ్మం దాటాక మళ్ళీ వెనక్కి పిలిపించుకోవాలి. ఆమె మా ఇంటికొచ్చినా అంతే. 'పోయొస్త' అని చెప్పి చెప్పులేసుకుని, అప్పుడు అసలు మాటలు షురూ చేస్తుంది. నేను ఎప్పుడూ వెక్కిరించేదాన్ని.

ఆ రోజు నా చేతుల మీద నీలపు మచ్చలు చూసి ఏమిటని అడిగింది. బస్సులో కడ్డీ తగిలిందన్నాను. జ్వరం వానాకాలం జ్వరమన్నాను. ఆయాసం వయసన్నాను. ఊళ్ళోవాళ్ళ లక్షణాలన్నీ తెలిసిన మనిషిని, నా వాటికి మాత్రం ఇలా ఒక్కొక్క పేరు పెట్టుకుంటూ పోయాను.

చివరికి జ్వరం తగ్గక చేయించుకున్న రక్తపరీక్షలు చూసి డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీతో ఎవరైనా వచ్చారామ్మా?" ఆ మాటకు అర్థం నాకు తెలుసు. తర్వాత ఆయన చెప్పిందేదీ సగానికి పైన వినలేదు. రక్తంలో క్యాన్సర్ అన్నది మాత్రం వినిపించింది. ఎదురుగా గోడకు ఒక క్యాలెండరు ఉంటే దానివైపే చూస్తూ కూర్చున్నాను. అలాంటప్పుడు మనుషులు గోడల్ని ఎందుకు చూస్తారని నేను చాలాసార్లు అనుకున్నాను. చూడటానికి మరేమీ ఉండదు, అంతే.

వినాయక చవితి

అడ్మిట్ అయ్యేటప్పుడే డాక్టరుగారికి గట్టిగా చెప్పాను, ఏదైనా సరే ముందు నాకే చెప్పాలని. ఆయన ఒప్పుకున్నారు. కొన్నాళ్ళు ఆ మాట మీదే నిలబడ్డారు కూడా.

మందు ఎక్కుతుంటే ఎలా ఉంటుందో రాయను. తిండి తినే నోరు తిండిని చూసి భయపడుతుందని మాత్రం రాస్తాను. కిటికీ అవతల మండపం నుంచి పొద్దస్తమానం మైకు. ఆ పాటలు వినిపించినంతసేపూ నేను ఇంకా ఊళ్ళోనే ఉన్నాననిపించేది, నిమజ్జనం అయిపోయాక నిశ్శబ్దంలో దిగులు పట్టుకుంది. మా సంస్థవాళ్ళు వచ్చి నా మంచం పక్కన కూర్చుని, "ఎలా అనిపిస్తోంది అక్కా?" అని అడిగేవారు. ఆ ప్రశ్న వాళ్ళకు నేర్పింది నేనే. మంచం మీద పడుకుని వింటే ఎంత చిరాకొస్తుందో అప్పుడు తెలిసింది. ఎలా అనిపిస్తుంది, బతకాలనిపిస్తుంది.

నీరసం పెరిగినకొద్దీ నాతో మాటలు తగ్గాయి. డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చి నా నాడి చూసి, 'రెస్ట్ తీసుకోండమ్మా' అని, యాదగిరి భుజం మీద చెయ్యేసి వరండాలోకి తీసుకెళ్ళేవారు. ఆ వరండాల్లో నేనూ బోలెడుసార్లు నిలబడ్డాను. రోగికి చెప్పొద్దంటూ చేతులు పట్టుకునే కొడుకులతో, భర్తలతో వాదించాను. ఇప్పుడు లోపల పడుకుని, తలుపు అవతల మా ఆయన గొంతు వినిపిస్తున్నా మాట తెలియక, చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. తిరిగొచ్చి, "ఏం లేదు, రక్తం జెర తక్కువుందంట" అనేవాడు. నమ్మాను. నమ్మడం ఎంత సుఖమో ఆ రోజుల్లో తెలిసింది.

దసరా దాటాక

రక్తం పుంజుకునేదాకా ఇంట్లో ఉండొచ్చని పంపించారు. ఎంత సంతోషపడ్డానో! యాదగిరి మంచాన్ని ముందుగదిలోకి మార్చి, కిటికీ పక్కన వేశాడు. గాలి వస్తుందన్నాడు. మా సంస్థలో నాకంటే చిన్నదైన శిరీష, భీమవరం పిల్ల, వారానికి రెండుసార్లు వచ్చి కూర్చునేది. ఊరికే చూడ్డానికొచ్చానక్కా అనేది. చుట్టాలు ఒకరొకరుగా రావడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి మాట్లాడనివాళ్ళు కూడా వచ్చారు. నా మీద ఇంత ప్రేమ ఉందా వీళ్ళకు అని మురిసిపోయాను. మంచం ముందుగదిలోకి ఎప్పుడు మారుస్తారో, చుట్టాలు ఎప్పుడు వరస కడతారో నాకు తెలియదా? తెలుసు. అయినా తట్టలేదు.

ఒక మధ్యాహ్నం సత్తెమ్మ వదిన వచ్చింది. చేతిలో ఏమీ లేదు. పండ్లో, కొబ్బరిబోండాలో, ఏదీ లేకుండా ఆమె మా గడప తొక్కడం నేనెప్పుడూ చూడలేదు. టీ పెట్టుకో వదినా అంటే వద్దంది. రోజుకు ఐదారుసార్లు టీ తాగే మనిషి. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నా కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి మీదనుంచే నా పాదాలు పట్టుకుని కాసేపు కళ్ళు తుడుచుకుంది. పాత సంగతులు చెప్పింది, మా పెళ్ళినాడు వాన పడటం, నేను తడిసిన చీరతోనే పీటల మీద కూర్చోవడం. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. తర్వాత లేచింది, చెప్పులేసుకుంది, వీధిలోకి వెళ్ళిపోయింది.

అంతే. పోయొస్తననలేదు. బొట్టడగలేదు. వెనక్కి చూడలేదు.

మా వైపు చావు జరిగిన ఇంటికి వెళ్తే అలాగే వస్తారు. ఏమీ పట్టుకెళ్ళరు, ఏమీ ముట్టరు, లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనరు. మళ్ళీ రావడమనే మాట ఆ ఇంట్లో అనకూడదు కాబట్టి చెప్పకుండా లేచి వచ్చేస్తారు. నా ఉద్యోగమంతా అలాంటి ఇళ్ళలోనే గడిచింది కాబట్టి ఆ లేవడం, ఆ నడక నాకు కొత్త కాదు. పాపం వదిన కావాలని చేసింది కాదు. ఆమె మనసులో నేను అప్పటికే పోయాను, ఆమె కాళ్ళు ఆ ప్రకారం నడిచాయి.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూశాను. తర్వాత ఒళ్ళంతా చెమట పట్టింది. ఊపిరి మీద మనసు పెట్టి మెల్లగా వదలమని నేను అందరికీ చెప్తాను, అది చేసి చూశాను. పని చెయ్యలేదు. చావు దగ్గర పడితే మనిషికి ఒక రకమైన నెమ్మది వస్తుందని కూడా చెప్పేదాన్ని. నాకేమీ రాలేదు. వీధిలో ఆకుకూరలామె అరుస్తూ పోతుంటే ఆమె గొంతు మీద అసూయ పుట్టింది. రేపు కూడా ఆమె ఇలాగే అరుస్తుంది, ఎల్లుండి కూడా. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సాయంత్రం యాదగిరి దుకాణం నుంచి వచ్చి జావ కాచి తెచ్చాడు.

"వదినె వచ్చి పోయింది" అన్నాను. "చెప్పకుంట పోయింది."

గిన్నె పట్టుకున్న చెయ్యి ఆగింది. మరిచిపోయిందేమో అన్నాడు. మీ అక్క మరిచిపోతుందా అన్నాను. గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని నేల మీదే కూలబడ్డాడు.

"ఎక్కిచ్చిన మందు పని చెయ్యలేదన్నడు డాక్టరు. ఇంకోటుందంట, మస్తు గట్టిది. నీ పానం తట్టుకోదు, మధ్యలనే ఏమన్న కావచ్చు అన్నడు. నేనే వద్దన్న."

"నన్ను అడగకుంటనా?"

"మా నాయినను దవాఖాన కెల్లి ఇంటికి తీస్కరమ్మన్నది నువ్వే గద. ఏం తక్లీఫ్ లేకుంట, మనందరి నడుమ పోయిండు. గంత మంచిగ ఎవ్వరు పోంగ నేను చూడలే. నీకు సుత గట్లనే చెయ్యాలనుకున్న."

"మరి నాకు చెప్పొద్దా?"

తలెత్తి నా వైపు చూశాడు. "మా నాయినకు నువ్వు చెప్పినవ్. నీకెవరు చెప్పాలె, పద్మా?"

మా మామగారికి నేనే చెప్పాను, ఆయన విని, తలూపి, తన మంచం వేపచెట్టు కనిపించేవైపు తిప్పమన్నారు. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. అదే మంచి చావని ఇంట్లో అందరికీ నేర్పిందీ నేనే. మా ఆయన తాను చూసినవాటిలో అన్నిటికంటే మంచిదాన్ని నాకోసం తెచ్చి పెట్టాడు. నాకది అక్కర్లేదు. జావ గిన్నె ఎత్తి గోడకు కొట్టాలనిపించింది గాని, ఎత్తే బలం లేదు. "నాకు బతకాలనుంది" అన్నాను. ఎన్నిసార్లన్నానో గుర్తులేదు. అతను నేల మీద కూర్చునే అన్నీ విన్నాడు.

కార్తీకం

తెల్లారి శిరీష వస్తే ముఖం మీదే అడిగాను, నువ్వు నన్ను చూడ్డానికొస్తున్నావా, కేసుగా వస్తున్నావా అని. తల దించుకుంది. కేసుగానే. నాకు చెప్పొద్దని యాదగిరి మాట తీసుకున్నాడట. నేను నేర్పిన పాఠాలన్నీ పక్కనపెట్టి మాట ఇచ్చిందట. తిట్టాను. తిట్టనిచ్చింది. తర్వాత డాక్టరుగారితో మాట్లాడించమన్నాను, ఆ గట్టి మందు నాకు కావాలన్నాను.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. మీకది నిజంగా కావాలా, భయం వల్ల అడుగుతున్నారా?"

"భయం వల్లే. భయపడి అడిగితే లెక్కలోకి రాదా?"

"వస్తుందక్కా" అని ఫోన్ తీసింది.

యాదగిరి మమ్మల్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చి, తను మాత్రం గది బయట బల్ల మీద కూర్చుండిపోయాడు. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. డాక్టరుగారు దాచకుండా చెప్పారు. పోవడానికే ఎక్కువ అవకాశం, నిలబడితే మాత్రం నిలబడొచ్చు. ఆలస్యమైతే ఆ కాస్త కూడా ఉండదు. ఇలాంటివి వద్దని మీరే ఎంతోమందికి చెప్పి ఉంటారు కదమ్మా అన్నారు.

"చెప్పాను సార్. వాళ్ళు విన్నారు. నేను వినలేకపోతున్నాను."

ఇన్ఫెక్షన్ రాకుండా, గాజు అద్దం ఉన్న గదిలో నన్ను ఒక్కదాన్నే ఉంచారు. ఆ వారాల గురించి ధైర్యంగా రాయాలని ఉంది గాని, నేను ధైర్యంగా లేను. నోరంతా పుండై ఉమ్మి మింగలేకపోయాను. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని అద్దం అవతల నిలబడ్డ మా ఆయనకు చేతులెత్తి దండం పెట్టాను, ఒకసారి కాదు. నేనే కోరుకున్నాను, నేనే తప్పు చేశాను, అతను చెప్పిందే సరైంది అని రోజూ అనుకున్నాను. వద్దని ముందే చెప్పలేదా అని అతను ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండును, కోపంతో కొంచెం బలం వచ్చేది. సత్తెమ్మ వదిన గేటు దాకా వచ్చి, మంచంలో పడి కూడా నా మొండితనం పోలేదని తమ్ముడి దగ్గర ఏడ్చి, నాకోసం తాయెత్తు ఇచ్చి వెళ్ళిందట.

యాదగిరి ఉండేది కింద అటెండర్ల హాల్లో. అక్కడ గోడ పక్కన చోటు దొరకడమే కష్టం. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఎల్లమ్మ అనే ఆవిడ అతనికి చోటు పట్టి పెట్టేది. బట్టలు ఎక్కడ ఆరేస్తే వాచ్‌మన్ తియ్యడో చూపించింది. తన దగ్గరున్న జొన్నరొట్టెలో సగం తుంచి, వద్దన్నా చేతిలో పెట్టేది. ఆమె భర్త నా పక్కగదిలో ఉండేవాడు. ముఖం ఎన్నడూ చూడలేదు. గోడ అవతలి దగ్గు మాత్రం తెలుసు. ఆ దగ్గు వినిపిస్తే నేనొక్కదాన్నే కాదనిపించేది.

ఒకరోజు పొద్దున దగ్గు లేదు. నర్సును అడిగాను. "వేరే వార్డుకు మార్చారు మేడం" అంది, సెలైన్ సరిచేస్తూ. ఆ మాట కూడా నాకు కొత్త కాదు. యాదగిరి అద్దం దగ్గరికి వచ్చి, నా గదితో మాట్లాడే ఇంటర్‌కమ్ ఫోన్ ఎత్తగానే, పక్కగది ఆయన ఏమయ్యాడని అడిగాను. అతను తల దించుకున్నాడు. ఏం లేదంటాడనుకున్నాను. ఆ మాట కోసమే ఎదురుచూశానేమో కూడా.

తలెత్తాడు. "పోయిండు. తెల్లారంగ."

ఎల్లమ్మ ఎలా ఉందన్నాను.

"ఏం మాట్లాడాల్నో నాకు తెల్వలే. నువ్వు పోతవ్ గద ఇండ్లల్లకు, ఊకె కూసుంటవ్ గద. నేను సుత గట్లనే ఆమె పక్కపొంటి కూసున్న. అంబులెన్స్ ఎక్కిచ్చి వచ్చిన."

ముఖం తెలియని ఆ మనిషి కోసం ఏడ్చాను. నా కోసం కూడా ఏడ్చాను, రేపు నర్సు నా గది గురించి ఇంకెవరికో ఇదే చెప్తుందని. అయినా ఆ మధ్యాహ్నం ఎన్నాళ్ళకో నిద్ర పట్టింది. ఇక మీదట ఈయన నాకు ఏం చెప్పినా అది నిజమే అయి ఉంటుందని తెలిశాక, కొంచెంసేపు కళ్ళు మూసుకోగలిగాను.

ఉగాది ముందు

ఎలాగో నిలబడ్డాను. ఎలాగో అన్నది వినయానికి అనడం లేదు. ఎందుకు నిలబడ్డానో, ఎల్లమ్మ భర్త ఎందుకు నిలబడలేదో నాకు తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. ఈ రాసింది చదివి ఎవరైనా మంచంలో ఉన్న మనిషిని గట్టి మందుకు ఒప్పించబోతే నేను ఊరుకోను. ఇంటికి తీసుకెళ్ళిపోదామని తొందరపెట్టినా ఊరుకోను. ఆ మనిషిని అడగండి, అంతే. వదిన మళ్ళీ వస్తోంది, కవర్లు మోసుకొస్తోంది. ఆ మధ్యాహ్నం తను చెప్పకుండా వెళ్ళిందని ఆమెకు నేనింకా చెప్పలేదు, చెప్పను కూడా. తెలిస్తే ఆ కుమిలిపోవడం నేను చూడలేను.

ఆ 'ప్రస్తుతానికి' విన్న రోజు సంగతి మిగిలింది. మళ్ళీ పరీక్షలు చేసి, ఫలితం కోసం రమ్మన్నారు. ఆ వెయిటింగ్ హాల్లో కూర్చున్నంతసేపూ యాదగిరి పాత రిపోర్టుల ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. పేరు పిలిచారు. ఈసారి అతను నాతోపాటు లోపలికి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరుగారు కంప్యూటర్ తెర వైపు చూశారు. ముఖంలో ఏమీ తెలియలేదు. అలవాటు ప్రకారం యాదగిరి వైపు తిరిగి, నోరు తెరిచారు.

"సార్" అన్నాడు యాదగిరి. "ఆమెకు చెప్పున్రి. నేను సుత ఆమెతోటే ఇంట."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. ఇది నేను కొట్లాడి తెచ్చుకున్న చోటు. అయినా అప్పుడు ఎవరైనా ఆయన్ను వరండాలోకి తీసుకెళ్ళి, నాకు బదులు విని, తిరిగొచ్చి ఏం లేదని ఒక అబద్ధం చెప్తే వాళ్ళ కాళ్ళకు దండం పెట్టేదాన్ని. ఇన్నేళ్ళు నేను వాదించిన కొడుకులు, కోడళ్ళు, భార్యలు అందరూ గుర్తొచ్చారు. వాళ్ళు దేన్నించి తమవాళ్ళను దాచాలనుకున్నారో, ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. యాదగిరి చెయ్యి పట్టుకున్నాను.

"చెప్పండి సార్" అన్నాను.